అతుకుల బొంతకు డిజైన్ గోడ: కొలత నుంచి బిగింపు దాకా

అతుకుల బొంత బ్లాకులను, అంటే గుడ్డ ముక్కలు కలిపి కుట్టిన చతురస్రాలను, నేల మీద పరిచి చూస్తే కాళ్ల దగ్గరున్నవి పెద్దగా, అవతలి వరుసలు చిన్నగా కనబడతాయి. ముదురు రంగులు ఒకే మూలకు చేరాయా, సమంగా పరుచుకున్నాయా అన్నది నిలబెట్టి ఎదురుగా చూస్తేనే తేలుతుంది. డిజైన్ గోడ, అంటే బ్లాకులను నిలువుగా అమర్చి చూసుకునే ఫ్లానెల్ చుట్టిన పలక, అవసరం అక్కడే. ఫ్లానెల్ గుడ్డ మీది నూగు, నూలు బ్లాకు వెనకవైపును పట్టుకుంటుంది కాబట్టి గుండుసూది లేకుండానే బ్లాకు నిలుస్తుంది, తీసి మరో చోట పెట్టడం క్షణంలో అయిపోతుంది.

ఎక్కువమంది తప్పేది కొలత దగ్గర. 12 అంగుళాల బ్లాకు అంటే అన్నీ కలిపి కుట్టాక మిగిలే కొలత. గోడ మీద పెట్టేటప్పటికి నాలుగు వైపులా కుట్టులోకి పోయే పావు అంగుళం కూడా ఉంటుంది, అంటే 12½. అడ్డంగా 5, నిలువుగా 6 బ్లాకుల బొంత పూర్తయితే 60×72 అంగుళాలే, గోడ మీద మాత్రం 62½×75 కావాలి. అసలు బ్లాకులే కుట్టకుండా విడి ముక్కలు పేర్చి చూసేవాళ్లకు ఇంకా ఎక్కువ పడుతుంది. తొమ్మిది ముక్కల బ్లాకులో వరుసకు మూడు ముక్కలు, ఒక్కోటి 4½ చొప్పున ఒక్క బ్లాకే 13½ అవుతుంది, మొత్తం 67½×81. అందుకని 72×84, అంటే 6×7 అడుగుల గోడ చేసుకోండి. చోటు లేదని సగం బొంతకు సరిపడా చేస్తే రంగుల తూకం ఎప్పటికీ కనబడదు.

దీన్ని ఒకే పలకగా కాక 36×84 అంగుళాల రెండు పలకలుగా చేయడం మంచిది. గుమ్మంలోంచి పడుతుంది, పని లేనప్పుడు మంచం వెనక దాచుకోవచ్చు, గుడ్డకు అతుకు వేయాల్సిన పనీ ఉండదు.

కావలసినవి: అంగుళం మందం ఫోమ్ పలకలు రెండు, 44 అంగుళాల పన్నా ఉన్న నూలు ఫ్లానెల్ 5 మీటర్లు, అంగుళం వెడల్పు చెక్క బద్దలు నాలుగు, తెల్ల జిగురు, గుండుసూదులు, వెడల్పాటి ప్యాకింగ్ టేపు. గింజలు రాలే మామూలు థర్మోకోల్ కన్నా ఇళ్లలో వేడి ఆపడానికి వాడే గట్టి ఎక్స్‌పీఎస్ (ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరీన్) ఫోమ్ బోర్డు చాలా మేలు, సూదిని గట్టిగా పట్టుకుంటుంది. ఫ్లానెల్ రంగు లేత బూడిద. తెల్లటి దాని మీద లేత బ్లాకుల అంచులు కలిసిపోతాయి. పూలూ గళ్లూ అసలొద్దు.

ముందు ఫ్లానెల్‌ను రెండు సమాన ముక్కలుగా కోసి, ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేయండి. ఉతికితే కుదించుకునేది ఇప్పుడే కుదించుకుంటుంది, వదులుగా ఉన్న పీచు పోతుంది. బట్టలు మెత్తబడే ద్రావణం మాత్రం వేయకూడదు. అది నూగు మీద పూతలా పట్టి జారుడు చేస్తుంది.

పలక వెనక నిలువుగా, రెండు అంచులకూ నాలుగేసి అంగుళాలు లోపలికి, రెండు బద్దలు తెల్ల జిగురుతో అంటించి, బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. ఇది మానేస్తే గుడ్డ లాగి బిగించగానే పలక విల్లులా వంగుతుంది. గాఢమైన వాసన వచ్చే రబ్బరు జిగురు, స్ప్రే జిగురు వాడకండి. వాటిలోని ద్రావకం ఈ రకం ఫోమ్‌ను కరిగించి గుంటలు చేస్తుంది.

ఫ్లానెల్‌ను బోర్లా పరిచి, దాని మీద పలకను బద్దలు పైకి వచ్చేలా పెట్టండి. పై అంచు మధ్యలో ఒక సూది, కింది అంచు మధ్యలో ఒకటి, తరవాత పక్కల మధ్యల్లో. అక్కణ్ణుంచి మూలల వైపు, ఎదురెదురుగా నాలుగేసి అంగుళాలకొకటి. మూల నుంచి మొదలుపెడితే ముడతలన్నీ చివరి మూలకు చేరతాయి. గుడ్డ బిగువుగా ఉండాలి కానీ సాగకూడదు. సాగదీస్తే అల్లిక వంకర తిరుగుతుంది. పక్కల వెనక్కి ఒకటిన్నర అంగుళమే మిగులుతుంది, అది చాలు. మూలలు కవరు మడతలా మడిచి, అంచుల కింద జిగురు రాసి, ఆరాక సూదులు తీసి టేపు వేయండి. గుడ్డ పలకకు చుట్టాక ఇస్త్రీపెట్టె దగ్గరికి రానివ్వొద్దు. ఈ ఫోమ్ 100 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. తేలిగ్గా అంటుకునే గుణం కూడా ఉంది కాబట్టి పొయ్యికీ వేడి దీపాలకూ దూరంగా ఉంచండి.

పలకలను గోడకు ఆనించి, అడుగు భాగం మూడు నాలుగు అంగుళాలు ముందుకు జరపండి. ఆ కాస్త వాలు బ్లాకులు జారకుండా ఎంతో సాయం చేస్తుంది. అడుగున జారకుండా రబ్బరు చాప ముక్క వేయండి.

బ్లాకు పెట్టి అరచేత్తో మధ్య నుంచి అంచులకు నిమరాలి. అయినా రాలుతుంటే మూడు కారణాలు చూడండి. ఫ్యాను గాలి నేరుగా తగులుతోందా? నూగు మీద దారపు పోగులు పేరుకున్నాయా? అయితే గరుకు బ్రష్షుతో దువ్వండి. చిన్న ముక్కలు చాలా కలిసిన బ్లాకా? దాని వెనక కుట్టులన్నీ మందంగా ఉంటాయి, నూగు అందదు. పై రెండు మూలల్లో, కుట్టులోకి పోయే పావు అంగుళంలోనే సూదులు పెట్టండి, రంధ్రం బయటికి కనబడదు.

ఎనిమిది పది అడుగులు వెనక్కి నడిచి చూడండి. ఫోన్‌తో తీసిన ఫొటోను నలుపు తెలుపులోకి మార్చండి. రంగు మురిపించి దాచిన తప్పు, అంటే లేత ముదురుల తేడా లేకుండా కలిసిపోయిన బ్లాకులు, అందులో బయటపడతాయి. పసుపు బల్బు కింద నేవీ బ్లూ, నలుపు ఒకేలా ఉంటాయి, కాబట్టి చివరి నిర్ణయం పగటి వెలుతురులో తీసుకోండి.

కుదిరిందనుకున్నాక మరో ఫొటో తీసి, ప్రతి బ్లాకు పై ఎడమ మూలకు వరుస, స్థానం రాసిన చీటీ గుచ్చండి: 1-1, 1-2 అలా. చీటీ ఎప్పుడూ అదే మూలలో ఉంటే కుట్టేటప్పుడు బ్లాకు తిరగబడదు. తరవాత ఒక్కో వరుసే గోడ మీంచి తీసి కుట్టి, మళ్లీ అక్కడే పెట్టి, రెండో వరుస తీయండి.