ఖాతాలో పడే సాయంతో కరువు ఏడాదిని దాటడం: చిత్తూరు, తిరుపతి జిల్లాల రైతు కుటుంబాలకు ఒక మార్గదర్శి

ప్రభుత్వం నేరుగా ఖాతాలో వేసే సొమ్ము ఎంత పెద్దదో చూసే ముందు, ఆ సొమ్ము చేతిలో ఉండటం వల్ల కుటుంబం ఏ నష్టపు బేరం నుంచి తప్పించుకోగలదో చూడాలి. పాడి ఆవును అయినకాడికి సంతకు తోలే అవసరం, తాళిబొట్టు గొలుసును తాకట్టు పెట్టే అవసరం, పూత దశలోనే మామిడి కాయను మండీ అడ్వాన్సుకు ఒప్పుకొనే అవసరం తప్పితే రెండు వేల రూపాయలకైనా విలువ ఉంటుంది. అవి తప్పనప్పుడు ఇరవై వేలు కూడా వడ్డీలోనే కలిసిపోతాయి. కింద చెప్పే పద్ధతి అంతా ఈ లెక్క మీదనే నడుస్తుంది.

ముందుగా ఇంటిల్లిపాదికీ ఏ సొమ్ము, ఎవరి పేరున, ఎప్పుడు వస్తుందో ఒక కాగితం మీద రాసుకోవాలి. 2019 ఫిబ్రవరిలో మొదలైన పీఎం కిసాన్ పథకం కింద ఏటా 6,000 రూపాయలు, నాలుగు నెలలకొకసారి 2,000 చొప్పున, భూమి ఎవరి పేరున ఉందో వారి ఖాతాకు వస్తాయి. రాష్ట్ర ప్రభుత్వం 2025 ఆగస్టు 2న ప్రారంభించిన అన్నదాత సుఖీభవతో కలిపితే ఏడాది మొత్తం 20,000 అవుతుంది. ఆ రోజు మొదటి విడతగా రెండు ప్రభుత్వాల వాటా కలిపి 7,000 రూపాయలు జమ చేశారు. ఇంట్లో వృద్ధులకు గానీ వితంతువుకు గానీ పింఛను ఉంటే నెలకు 4,000 వస్తాయి. బడికి వెళ్లే పిల్లలు ఉంటే తల్లికి వందనం కింద ఒక్కొక్కరికి 15,000 కేటాయించి, అందులో 2,000 బడి నిర్వహణకు మినహాయించి, 13,000 తల్లి ఖాతాలో వేశారు. తండ్రి, తల్లి, అవ్వ పేర్ల మీద విడివిడిగా వచ్చే ఈ సొమ్మును ఒకచోట రాసి చూస్తే తప్ప ఇంటికి నిజంగా ఎంత వస్తుందో తెలియదు. అయితే విడతల తేదీలు మారుతుంటాయి కాబట్టి, రాబోయే విడతను చూపించి విత్తనాల అంగడిలో అరువు పెట్టడం మంచిది కాదు.

సొమ్ము రాకపోవడానికి కారణాలు చాలావరకు కాగితాల్లోనే ఉంటాయి. ఖాతాకు ఆధార్ ఇచ్చామని చాలామంది నిశ్చింతగా ఉంటారు గానీ, నేరుగా జమ అయ్యే సొమ్ము ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే జాతీయ సంస్థ) జాబితాలో ఆ ఆధార్‌కు ఎదురుగా చివరిసారి నమోదైన బ్యాంకుకే వెళుతుంది. కొత్త ఖాతా తెరిచినప్పుడు చేసిన ఒక్క సంతకం వల్ల సొమ్ము అక్కడికి మళ్లి ఉండవచ్చు. అందుకే సొమ్ము రాలేదని ఫిర్యాదు చేసే ముందు మిగిలిన ఖాతాలను కూడా చూసుకోవాలి. సాయం పడే ఖాతా, అప్పు బకాయి ఉన్న ఖాతా వేరువేరుగా ఉండటం మేలు. కనీస నిల్వ అక్కరలేని జన్‌ధన్ ఖాతా ఇందుకు సరిపోతుంది. పీఎం కిసాన్‌కు ఈ-కేవైసీ, అంటే ఆధార్‌తో గుర్తింపు నిర్ధారణ, తప్పనిసరి. తండ్రి చనిపోయి భూమి ఇంకా ఆయన పేరునే ఉంటే వారసత్వ మ్యుటేషన్ (రికార్డులో వారసుల పేరుకు మార్పు) చేయించుకోవాలి. 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి ఉన్నవారికే పీఎం కిసాన్ అన్న నిబంధన ఉన్నా, వారసత్వంగా వచ్చిన భూమికి మినహాయింపు ఉంది. వన్‌బీ (భూమి ఎవరిదో చూపే రెవెన్యూ పత్రం)లోని పేరు, ఆధార్‌లోని పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో చదువుకున్న పిల్లల చేత చూపించుకోండి.

కౌలు రైతు విషయం వేరు. సొంత భూమి లేని వారికి పీఎం కిసాన్ రాదు. రాష్ట్ర సాయానికి, పంట రుణానికి కూడా పంట సాగుదారు హక్కుల కార్డు, ఈ-పంట నమోదు (ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో రాసే ప్రభుత్వ లెక్క) ఆధారం. 2019 నాటి చట్టం ప్రకారం ఈ కార్డుకు భూయజమాని సమ్మతి కావాలి, ఒప్పందం పదకొండు నెలలకే ఉంటుంది. సంతకం చేస్తే భూమి పోతుందన్నది యజమానుల భయం. కార్డు వల్ల భూమి మీద ఏ హక్కూ రాదని ఆ చట్టంలోనే ఉన్నందున, గ్రామ రెవెన్యూ అధికారి ఎదుట ఆ మాట చెప్పించడం ఉత్తమం. ఈ-పంట నమోదును సొంతదారులు కూడా తేలిగ్గా తీసుకోకూడదు. వర్షాభావానికి పంట 33 శాతం, అంతకు మించి దెబ్బతింటే వచ్చే పెట్టుబడి రాయితీకి కూడా ఆ నమోదే చూస్తారు.

ఇక ఖర్చు. తిండికి, మందులకు కొంత తీసిపెట్టిన తర్వాత మొదట చూడవలసింది వడ్డీ. ఊళ్లో నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి 50,000 తెస్తే నెలకు 1,500, ఏడాదికి 18,000 వడ్డీయే అవుతుంది. అంటే రెండు ప్రభుత్వాలూ కలిసి ఏడాదంతా ఇచ్చే 20,000లో చేతికి మిగిలేది 2,000. అదే 50,000 కిసాన్ క్రెడిట్ కార్డు మీద ఉంటే ఏడు శాతం వడ్డీ చొప్పున 3,500 అవుతుంది. గడువులోగా తీరిస్తే మూడు శాతం తగ్గి 2,000తో సరిపోతుంది. కాబట్టి బ్యాంకు రుణాన్ని గడువు తప్పనీయకుండా తిరగరాయించుకోవడానికి, డ్వాక్రా కంతు కట్టడానికి ఈ సొమ్మును ముందు వాడాలి. ఆ రెండు తలుపులూ మూసుకుపోతే మిగిలేది మూడు రూపాయల వడ్డీ ఒక్కటే. ఊరి అప్పు ఇప్పటికే ఉంటే, వడ్డీ మాత్రమే కట్టి ఊరుకోకుండా, విడత వచ్చిన ప్రతిసారీ అసలులో ఎంతో కొంత తగ్గించి, తగ్గించినట్టు నోటు మీద రాయించుకోవాలి. ఈ వరుస మొహమాటస్తులకు కష్టమే, ఎందుకంటే బ్యాంకు మేనేజరు ఇంటి ముందుకు వచ్చి కూర్చోడు, వడ్డీ వ్యాపారి కూర్చుంటాడు.

తర్వాతి స్థానం పశువుది. పలమనేరు, కుప్పం వైపు వేరుశనగ ఎండిపోయిన ఏడాదిలో ఇల్లు నడిచేది పాల బిల్లు మీదనే. వేరుశనగ పోతే పశువుల మేతకు పనికొచ్చే దాని కట్టె కూడా పోతుంది, మేత ధర పెరుగుతుంది, అందరూ ఒకేసారి పశువులను సంతకు తోలడంతో వాటి ధర పడిపోతుంది. వానలు పడ్డాక అదే ఆవును కొనాలంటే ఎక్కువ పెట్టాలి. ఒక విడత సొమ్ముతో ముందుగానే మేత కొని పెట్టుకుంటే ఈ రెండు నష్టాలూ తప్పుతాయి. చేతికి డబ్బు ఇస్తే దుబారా చేస్తారన్న విమర్శకు కూడా ఇక్కడే జవాబు ఉంది. 2011, 2012లలో మధ్యప్రదేశ్‌లోని కొన్ని గ్రామాల్లో ‘సేవా’ (SEWA) అనే మహిళా కార్మికుల సంఘం, యూనిసెఫ్ తోడ్పాటుతో, పెద్దలకు నెలకు 200, పిల్లలకు 100 రూపాయలు ఏ షరతూ లేకుండా ఇచ్చి చూసింది. తర్వాత దానిని 300, 150కి పెంచింది. అక్కడి కుటుంబాలు ఆ డబ్బును విత్తనాలకు, ఎరువులకు, పశువులకు వెచ్చించాయి. మద్యం ఖర్చు పెరిగిన దాఖలా కనిపించలేదు. నా భయం మద్యం గురించి కాదు, బోరు గురించి. వెయ్యి అడుగులు దాటినా తడి తగలని బోర్లు మన పడమటి మండలాలకు కొత్త కాదు. సాయం సొమ్మును బోరు బండికి అడ్వాన్సుగా ఇచ్చి మిగతాది అప్పు తేవడం కంటే ప్రమాదకరమైన వాడకం మరొకటి కనిపించదు.

మామిడి రైతులకు 2025 వేసవి ఒక పాఠం. తోతాపురి ధర పడిపోయినప్పుడు గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం మరో 4 రూపాయలు రైతు ఖాతాలో వేస్తుందని నిర్ణయించారు. ఇలాంటి సాయం తోట ఉన్నందుకు రాదు, అమ్మినట్టు రుజువు ఉన్నందుకు వస్తుంది. బంగారుపాళెం, దామలచెరువు మండీల్లో గానీ ఫ్యాక్టరీ గేటు వద్ద గానీ తూకం చీటీ తోట నమోదైన వారి పేరునే రాయించుకొని, దాని ఫోటో ఫోనులో దాచుకోవాలి. తోటను గుత్తకు ఇచ్చి ఉంటే, రాయితీ వస్తే ఎవరికి చెందుతుందో గుత్త కాగితంలోనే ముందుగా రాసుకోవాలి.

డబ్బు తీసేటప్పుడు వేలిముద్ర యంత్రం దగ్గర రసీదు లేకుండా కదలవద్దు. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చే యాప్ ఫైళ్లను తెరవవద్దు. తెరిచి సొమ్ము పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. విడత రాకపోతే మొదట రైతు సేవా కేంద్రంలో కారణం కనుక్కోండి. పీఎం కిసాన్ గురించి 155261 నంబరులో అడగవచ్చు. అక్కడ తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, ఆధార్, వన్‌బీ, బ్యాంకు పుస్తకం నకళ్లు జతచేసి అర్జీ ఇచ్చి, అర్జీ సంఖ్య ఉన్న రసీదు తీసుకోండి.