షట్టర్ పైకెత్తాకే స్ప్రే డబ్బా ఊపండి

దసరాకి బండికి పూజ చేయించాలి. అప్పటికి ఆ గీతలు పడ్డ బంపరూ, సొట్ట పోయిన డోరూ బాగుపడాలి. టింకరింగ్ షెడ్డులో ఒక్క ప్యానెల్‌కి చెప్పే రేటు విన్నాక చాలామంది నాలుగైదు స్ప్రే డబ్బాలు తెచ్చుకుని ఇంటి దగ్గరే మొదలెడతారు. అందులో తప్పేం లేదు, ఓపికుంటే పని బాగానే వస్తుంది. చిక్కల్లా ఆ రోజుల్లో వాన ఇంకా వదలకపోవడమే. పోర్టికోలో జల్లు కొడుతోందని, రోడ్డు దుమ్ము పడుతోందని బండిని లోపలికి తోసి షట్టర్ దించేస్తారు. మూసిన గదిలో ఆవిరి అంటుకుని చేతులూ ముఖమూ కాలాయన్న వార్తలు అప్పుడప్పుడూ చదువుతూనే ఉన్నాం. వాటి వెనక సాధారణంగా ఉండేది ఈ మూసిన తలుపే.

డబ్బా బాగా ఊపాలి, గ్లవ్స్ తొడుక్కోవాలి లాంటివి డబ్బా మీదే రాసి ఉంటాయి. అవి ఇక్కడ మళ్ళీ చెప్పడం లేదు.

తలుపు సంగతి

డబ్బాలోంచి రంగుని బయటికి తోసేది చాలావాటిలో వంటగ్యాస్ జాతి వాయువే: ప్రొపేన్, బ్యూటేన్. కొన్నింటిలో డైమిథైల్ ఈథర్. మూడూ మండేవే. వంటగ్యాస్‌కైతే లీకైనప్పుడు తెలియాలని వాసన కలుపుతారు. దీనికి కలపరు, కాబట్టి థిన్నర్ ఘాటులో అది ఉన్నట్టే తెలియదు.

ఒక లెక్క చూడండి. 400 మి.లీ. డబ్బాలో మూడో వంతు ఈ గ్యాస్ ద్రవంగా ఉందనుకుందాం. అది ఆవిరైతే దాదాపు 250 రెట్లు ఉబ్బుతుంది, అంటే డబ్బాకి 30 లీటర్ల పైమాట. గాలిలో సుమారు 2 శాతం చేరితే చాలు, నిప్పు తగలగానే అంటుకుంటుంది. ఇది గాలికన్నా బరువు కనుక పైకి పోదు, నేలమీద పరుచుకుంటుంది. కారు పట్టే గది 10 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు అనుకుంటే, నేలమీద అడుగు ఎత్తు పొరలో ఉండేది సుమారు 5,100 లీటర్ల గాలి. అందులో 2 శాతమంటే 100 లీటర్లు. మూడు డబ్బాలతో అక్కడికి చేరిపోతాం. థిన్నర్ ఆవిరిని ఇంకా కలపనేలేదు. ఒక డోరుకి అడుగు పూత ప్రైమర్ ఒకటి, రంగు రెండు, పైన మెరుపు పూత క్లియర్ రెండు, మొత్తం ఐదు డబ్బాలు సులువుగా పడతాయి.

ముక్కు దగ్గర వాసన పల్చబడిందని ధైర్యపడకండి. ముక్కు ఐదడుగుల ఎత్తున ఉంది, గ్యాస్ మడమల దగ్గర ఉంది.

గ్యాస్ లీకైతే స్విచ్ ముట్టుకోకూడదని ఇంట్లో చిన్నపిల్లలకీ తెలుసు. అదే ఇంట్లో పెద్దవాళ్ళు ఐదు డబ్బాలు కొట్టి, చీకటి పడిందని లైటు వేస్తారు.

అగ్గిపుల్ల గీయక్కర్లేదు

నిప్పంటే సిగరెట్టే అనుకుంటాం. ఇంట్లో దానంతటదే నిప్పురవ్వ పుట్టించే వస్తువులు చాలా ఉన్నాయి. ఫ్రిజ్ దానంతటదే ఆన్ అవుతుంది. కరెంటు పోగానే ఇన్వర్టర్ టక్కుమంటుంది. అన్నిట్లోకీ మోసకారి నీటి మోటారు ఆటో స్టార్టర్. పైన ట్యాంకు ఖాళీ అవగానే ఎవరూ ముట్టుకోకుండానే దాని లోపలి స్విచ్, కాంటాక్టర్, కొట్టుకుంటుంది, అది తరచూ బండి పెట్టే చోటే గోడకి ఉంటుంది. దానికింద సంపు. బరువైన ఆవిరి ముందుగా దిగేది ఆ సంపులోకే. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో అయితే సంపుతోపాటు లిఫ్టు గొయ్యి కూడా ఉంటుంది. సెల్లార్‌లో ఎన్ని ఫ్యాన్లు పెట్టినా ఈ పని వద్దు.

దోమలొస్తున్నాయని సాయంత్రం కాయిల్ వెలిగిస్తారు, దేవుడి గదిలో దీపం పెడతారు, వంటింట్లో స్టవ్ వెలుగుతుంది. ఆవిరి తలుపు కింద సందులోంచి పక్కగదికి పాకి, అక్కడ అంటుకుని, వచ్చిన దారినే వెనక్కి మంటగా వస్తుంది. అందుకే సాయంత్రం ఈ పని పెట్టుకోవద్దు.

అమెరికాలో గరాజ్‌లో చేసుకునేవాళ్ళు గ్యాస్ వాటర్ హీటర్ వైపు చూడండి. పాతవాటిలో బర్నర్‌ని అంటించే చిన్న పైలట్ మంట ఇరవై నాలుగ్గంటలూ వెలుగుతుంది. హీటర్ నిప్పు నేలకి 18 అంగుళాల ఎత్తున ఉండాలని అక్కడి కోడ్ అడిగేది ఆవిరి నేలమీదే ఉంటుందనే. అయితే ఆ నిబంధన కాస్త పెట్రోలు కారితే కాపాడుతుంది, మూసిన గరాజ్‌లో వరసగా ఐదు డబ్బాలు కొడితే దాన్ని నమ్ముకోలేం. హీటర్ ఆపండి, గరాజ్ తలుపు పూర్తిగా ఎత్తండి.

మరి దుమ్మో?

దుమ్ము పడితే పాలిష్ చేయొచ్చు. క్లియర్ బాగా ఆరాక, 1500 నంబరు నీటికాగితంతో ఆ నలుసు మీద మాత్రం మెల్లగా రుద్ది, 2000, 3000 వేసి, కాంపౌండ్ పట్టిస్తే పోతుంది. దుమ్ముకి భయపడి తలుపు మూయొద్దు.

డోరో బంపరో విప్పగలిగితే విప్పి ఆరుబయట స్టాండ్ మీద పెట్టండి. అరగంట ముందు చుట్టూ నేలమీద కళ్ళాపి చల్లినట్టు నీళ్ళు చిలకరించండి, దుమ్ము లేవదు. గాలొచ్చే వైపు ఒక్కటే తడిపిన పాత చీర అడ్డం కట్టండి. మిగతా మూడు వైపులా తెరిచే ఉంచండి. నాలుగు వైపులా పట్టా కట్టి గుడారం చేస్తే అదీ మూసిన గదే.

వాన రోజుల్లో పనిని చెడగొట్టేవి

తేమ ఎక్కువున్నప్పుడు కొడితే రంగు పాలు కలిపినట్టు తెల్లబారుతుంది. థిన్నర్ ఆవిరవుతూ రేకుని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలోని తేమ రంగు మీద కూర్చుంటుంది. కాకినాడ, విశాఖ వైపు పొద్దున్నే తేమ ఎక్కువ, ఎండ కాస్త ఎక్కాక మొదలుపెట్టండి. వాన ఆగని రోజున పని వాయిదా వేయండి, లోపలికి మార్చొద్దు.

సొట్ట పూడ్చిన పుట్టీని నీళ్ళతో రుద్దొద్దు. పాలిస్టర్ పుట్టీ నీటిని పీల్చుకుంటుంది. పైన రంగు పడ్డాక ఆ నీరు ఎటూ పోలేక కొన్ని నెలలకి బొబ్బలు లేపుతుంది, అడుగున తుప్పు మొదలవుతుంది. పొడిగానే 80, 180 నంబరు కాగితాలతో రుద్దండి, ఆపై అంచులకి 320. రేకు బయటపడితే అదే పూట ప్రైమర్ వేయాలి, రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబారుతుంది. ప్లాస్టిక్ బంపర్‌కైతే ముందు ప్లాస్టిక్ ప్రైమర్ తప్పనిసరి. అది లేకపోతే రంగు రేకులు రేకులుగా ఊడుతుంది.

కోటుకీ కోటుకీ మధ్య 10 నుంచి 15 నిమిషాలు. ఆ గడువు దాటిపోయి, సగమే ఆరిన పాత కోటు మీద మళ్ళీ కొడితే ముడతలు లేస్తాయి. అప్పుడు మొత్తం గీకడమే, వేరే దారి లేదు. డబ్బా మీద మళ్ళీ కొట్టే గడువు రాసి ఉంటే ఆ ప్రకారమే చేయండి.

టూకే క్లియర్ విషయం వేరు

అడుగున బటన్ నొక్కి, పూతని గట్టిపరిచే హార్డెనర్ కలిపే డబ్బాలు టూకేవి. మెరుపు బాగుంటుంది, పెట్రోలు పడినా తట్టుకుంటుంది. ఆ హార్డెనర్‌లో ఐసోసైనేట్ ఉంటుంది. ప్రమాదకరమైన మోతాదులోనూ దాని వాసన తెలియకపోవచ్చు. ఒకసారి ఊపిరితిత్తులకి పడకుండా పోతే, ఆ తర్వాత కాస్త సోకినా ఉబ్బసం తిరగబెడుతుంది. ఎన్95 మాస్క్ తుంపరని ఆపుతుంది, ఆవిరిని ఆపదు. చేతిరుమాలు రెండింటినీ ఆపదు. మామూలు డబ్బాలకి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్, దాని ముందు తుంపర ఫిల్టర్ ఉన్న రబ్బరు మాస్క్ కావాలి. గడ్డం ఉంటే అది ముఖానికి అతకదు. టూకేకి బయటినుంచి గాలి అందించే ఏర్పాటే సరైనది, అది ఇంట్లో కుదరదు. ఆ ఒక్క కోటు షెడ్డులో వేయించుకోండి.

ఇక మిగిలినవి

ఇంజన్ పూర్తిగా చల్లారాకే. వేడి ఇంజన్ మీద రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది.

సీఎన్‌జీ బండి మీద నేరుగా కొట్టొద్దు, ప్యానెల్ విప్పి దూరంగా తీసుకెళ్ళండి.

డబ్బాలు ఎండలో పెట్టొద్దు, కారులో వదలొద్దు. 50 డిగ్రీలు దాటకూడదు, ఎండలో నిలిపిన కారు లోపల అంతకన్నా ఎక్కువే కాగుతుంది.

డబ్బాని స్టవ్ మీద, మరిగే నీళ్ళలో వేడి చేయొద్దు.

గ్రైండర్ పనీ థిన్నర్ పనీ ఒకేసారి వద్దు.

ఆవిరిని లాగడానికి మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టొద్దు. ఆవిరి దాని మోటారు మీదుగానే పోతుంది.

కొట్టే చోట ఫోన్ చార్జింగ్ పెట్టొద్దు.

నాజిల్ మూసుకుపోతే పిన్నుతో డబ్బా నోట్లో పొడవొద్దు. పని అయిపోగానే డబ్బా తలకిందులు చేసి, ఉత్త గ్యాస్ వచ్చేదాకా నొక్కండి, అదీ ఆరుబయటే.

ఖాళీ డబ్బాకి మేకు కొట్టొద్దు. చెత్తకుప్పలో వేసి తగలబెట్టొద్దు. దాచిపెట్టి భోగి మంటలో అసలే వేయొద్దు, అది ఖాళీ అయినా పేలుతుంది.

థిన్నర్ గుడ్డలు మూతున్న రేకు డబ్బాలో వేసి ఇంటి బయట పెట్టండి.

చేతులు థిన్నర్‌తో కడగొద్దు.

పొడి పౌడర్ మంటలార్పే సిలిండర్ ఒకటి, బక్కెట్ ఇసుక ఒకటి, మీకూ బయటికి వెళ్ళే దారికీ మధ్య పెట్టుకోండి. రంగు, థిన్నర్ మంట మీద నీళ్ళు పోస్తే మంట నీళ్ళతోపాటే పారుతుంది.

ఒంటిమీద బట్టలు అంటుకుంటే పరిగెత్తొద్దు, నేలమీద దొర్లండి. కాలినచోట 20 నిమిషాలు పారే నీళ్ళు. పేస్టు వద్దు, సిరా వద్దు. 108కి ఫోన్ చేయండి, మంట అదుపు తప్పితే 101కి.

ఒక్కరే ఉన్నప్పుడు మొదలుపెట్టొద్దు.

పిల్లల్ని రానివ్వొద్దు.

చివరి కోటు పడ్డాక వాన మొదలైతే ప్యానెల్ లోపలికి తెచ్చి షట్టర్ దించుతారు. దించొద్దు. తడి రంగులోంచి ఆవిరి గంటలకొద్దీ వస్తూనే ఉంటుంది. ప్యానెల్ తెచ్చే ముందే మోటారు స్టార్టర్ మెయిన్ తీసేయండి, దీపం ఆర్పండి, ఆపై షట్టర్ కనీసం మూడడుగులు ఎత్తే ఉంచండి, వాసన పూర్తిగా పోయేదాకా ఆ గదిలో లైటు కూడా వేయొద్దు.