ఓఎస్ వేశాక సిస్టమ్ బూట్ అవ్వట్లేదా? మళ్ళీ ఫార్మాట్ కొట్టకండి, ముందు ఇది చదవండి

బెంగళూరులో కంప్యూటర్ షాపులుండే ఎస్పీ రోడ్డుకెళ్ళి ఎస్ఎస్డీ (హార్డ్‌డిస్క్ బదులు వాడే వేగమైన డిస్క్) కొనుక్కొచ్చి, శనివారం రాత్రి పీజీ రూములో కూర్చుని విండోస్ వేసి, తెల్లారేసరికి "నో బూటబుల్ డివైస్" అన్న స్క్రీన్ ఫొటో తీసి వాట్సాప్‌లో పడేసేవాళ్ళు మారతహళ్ళి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా బోలెడంత మంది. ఫొటో పంపడం మంచిదే. కానీ నేను రిప్లై ఇచ్చేలోపే మళ్ళీ ఫార్మాట్ కొట్టేసి, అదీ ఎక్కక, ఎవడిదో వీడియో చూసి బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల స్క్రీన్‌లో) నాలుగు సెట్టింగులు తిప్పేసి, ఏవి తిప్పారో కూడా మర్చిపోయి అప్పుడు ఫోన్ చేస్తారు, "అన్నా ఒక్కసారి చూడవా" అని. అలా చెయ్యకండి ప్లీజ్. చాలా కేసుల్లో మీరు వేసిన ఓఎస్ (విండోస్, ఉబుంటు లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) డిస్క్ మీద నిక్షేపంగా ఉంటుంది, దాని దగ్గరికి ఎలా వెళ్ళాలో మదర్‌బోర్డుకి తెలియట్లేదు, అంతే. మళ్ళీ వేస్తే మళ్ళీ అదే అవుతుంది.

కావాల్సినవి: ఓఎస్ వెయ్యడానికి వాడిన పెన్‌డ్రైవ్ (8 జీబీది చాలు, అందులో ఇన్‌స్టాలర్ ఇంకా ఉండాలి), ఛార్జర్, పక్కన ఇంకో ఫోన్. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ మీద పెట్టండి, మధ్యలో కరెంటు పోతే ఇంకో తలనొప్పి.

స్టెప్ 1. పెన్‌డ్రైవ్ పీకెయ్యండి. నవ్వకండి, "ఎన్నిసార్లు వేసినా మళ్ళీ మొదటి నుంచి సెటప్ అడుగుతోంది" అనేవాళ్ళ జబ్బు ఇదే. సిస్టమ్ రీస్టార్ట్ అయ్యి మళ్ళీ పెన్‌డ్రైవ్ నుంచే లేస్తోంది. పీకి ఆన్ చేయండి.

స్టెప్ 2. స్క్రీన్ మీద ఏముందో చదవండి. "ఏదో ఎర్రర్ వచ్చింది" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. కంపెనీ లోగో కూడా రాకుండా నల్లగా ఉంటే అది ఓఎస్ గొడవే కాదు, ఎస్ఎస్డీ పెట్టడానికి వెనక మూత తీశారు కదా, ర్యామ్ కదిలి ఉంటుంది, తీసి గట్టిగా నొక్కి పెట్టండి. నీలం స్క్రీన్ మీద "ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్" అని వస్తే బయోస్‌లో స్టోరేజ్ మోడ్ (మదర్‌బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) మారినట్టు: ఇన్‌స్టాల్ చేసినప్పుడు రెయిడ్ లేదా వీఎండీ ఆన్‌లో ఉండి తర్వాత ఏహెచ్‌సీఐకి మార్చారు, లేకపోతే దానికి రివర్స్. మొదట ఎలా ఉండేదో అలా పెట్టెయ్యండి, లేస్తుంది. ఉబుంటు (ఉచితంగా దొరికే లినక్స్ ఓఎస్) వేశాక గ్రబ్ మెనూ (ఏ ఓఎస్ లేపాలో అడిగే స్క్రీన్) వచ్చి, ఎంటర్ కొట్టాక నల్లగా అయిపోతే అది గ్రాఫిక్స్ కార్డు పేచీ, ఎన్విడియా ఉన్న లాప్‌టాపుల్లో మామూలే. గ్రబ్ మెనూలో కీబోర్డు మీద E నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైన్ చివర ఒక స్పేస్ ఇచ్చి నోమోడ్‌సెట్ (nomodeset) అని కలిపి కొట్టి ఎఫ్10 నొక్కండి. లోపలికి వెళ్ళాక డ్రైవర్ వేసుకోండి, లేకపోతే ప్రతిసారీ ఇదే పని.

"గ్రబ్ రెస్క్యూ" అని వచ్చిందంటే సాధారణంగా ఎవరో విండోస్‌లో కూర్చుని ఉబుంటు పార్టిషన్ (డిస్క్‌లో దానికిచ్చిన భాగం) డిలీట్ చేసి ఉంటారు. గ్రబ్ ముక్క మిగిలింది, దాని ఇల్లు పోయింది. విండోస్‌కి ఏమీ కాలేదు, భయపడకండి, చాలాసార్లు కింది స్టెప్ చాలు.

స్టెప్ 3. బూట్ మెనూ. డెల్, లెనోవోలో ఎఫ్12, హెచ్‌పీలో ఎస్కేప్ కొట్టి ఎఫ్9, గిగాబైట్ బోర్డుల్లో ఎఫ్12, ఎంఎస్ఐలో ఎఫ్11. పవర్ బటన్ నొక్కగానే టకటకా కొడుతూనే ఉండండి. అందులో "విండోస్ బూట్ మేనేజర్" అనో "ఉబుంటు" అనో కనిపిస్తే దాన్ని సెలెక్ట్ చేయండి. లేచిందా, అయితే బయోస్‌లోకి వెళ్ళి బూట్ ఆర్డర్‌లో దాన్ని పైకి లాగి సేవ్ చేయండి. పని అయిపోయింది, మిగతాది చదవక్కర్లేదు. పాత డెస్క్‌టాప్‌లో ప్రతిసారీ ఈ ఆర్డర్ మర్చిపోతూ, గడియారం కూడా వెనక్కి పోతుంటే బోర్డు మీద సీఆర్2032 బ్యాటరీ మార్చండి, ఏ వాచీ షాపులో అయినా దొరుకుతుంది.

బయోస్‌లో అసలు ఎస్ఎస్డీ పేరే లేకపోతే మాత్రం ఏ కమాండూ పనికిరాదు. స్లాట్‌లో సరిగ్గా కూర్చుందా చూడండి. ఎం.2 స్లాట్లలో (సన్నటి పట్టీలా ఉండే ఎస్ఎస్డీలు పెట్టేవి) కొన్ని సాటా రకం ఎస్ఎస్డీ మాత్రమే, కొన్ని ఎన్‌వీఎంఈ రకం మాత్రమే తీసుకుంటాయి, కొనేముందు అడగాల్సిన ప్రశ్న అది. బిల్లు దాచుకుంటే మార్చుకోవచ్చు.

స్టెప్ 4. యూఈఎఫ్ఐనా, లెగసీనా? మదర్‌బోర్డు ఓఎస్‌ని లేపే పద్ధతులు ఇవి, మొదటిది కొత్తది, రెండోది పాతది. పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ మెనూ తెరిస్తే చాలా సిస్టమ్స్‌లో దాని పేరు రెండుసార్లు కనిపిస్తుంది, ఒకటి ముందు యూఈఎఫ్ఐ అని ఉండి, ఇంకొకటి ఉత్తిగా. మీరు ఏది ఎంచుకుంటే ఓఎస్ ఆ పద్ధతిలోనే దిగుతుంది. యూఈఎఫ్ఐ అయితే డిస్క్ జీపీటీలో ఉండాలి, లెగసీ అయితే ఎంబీఆర్ (డిస్క్ మీద పార్టిషన్ల లెక్క రాసుకునే రెండు పద్ధతులు ఇవి). లెగసీలో వేసి, తర్వాత బయోస్‌ని యూఈఎఫ్ఐ మాత్రమే అని మార్చితే డిస్క్ కనపడదు, అంతకంటే పెద్ద రహస్యం ఏమీ లేదు. నా రూల్ ఒక్కటే: యూఈఎఫ్ఐ, జీపీటీ, ఇంకో మాట లేదు. ఎంబీఆర్ 2 టీబీ దాటిన డిస్కుని పూర్తిగా వాడుకోలేదు, విండోస్ 11కి యూఈఎఫ్ఐ ఎలాగూ కావాలి, మరి ఇంకా లెగసీ పట్టుకుని వేలాడటం ఎందుకు. ఆల్రెడీ ఎంబీఆర్‌లో వేసేసి డేటా కూడా ఎక్కించేసి ఉంటే ప్రస్తుతానికి బయోస్‌లో సీఎస్ఎం (లెగసీ పద్ధతిలో లేవనిచ్చే సెట్టింగ్) ఆన్ చేసి లేపండి, బ్యాకప్ తీశాక ఎంబీఆర్2జీపీటీ అనే టూల్‌తో మార్చుకోండి, విండోస్ 10లో 2017 నుంచి అదే ఉంది.

సెక్యూర్ బూట్ (నమ్మకం లేని బూట్ ఫైల్స్‌ని అడ్డుకునే బయోస్ సెట్టింగ్) ఆపెయ్యమని ప్రతి వీడియోలోనూ చెప్తారు. ఉబుంటు కోసం దాన్ని ఆపాల్సిన పని లేదు, అది ఆన్‌లో ఉన్నా ఉబుంటు లేస్తుంది. పైగా అదే లాప్‌టాప్‌లో ఉన్న విండోస్ బిట్‌లాకర్‌లో (డిస్క్ మొత్తానికి వేసే తాళం) ఉంటే ఈ సెట్టింగ్ తిప్పగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ముందే ఫోన్‌లో లాగిన్ అయ్యి ఫొటో తీసి పెట్టుకోండి. కీ దొరక్కపోతే డేటా మీద ఆశ వదులుకోవడమే, ఎస్పీ రోడ్డులో ఎంత పెద్ద షాపు వాడైనా తియ్యలేడు.

స్టెప్ 5. ఇదే అసలు స్టెప్. ఇక్కడ తొందర పడితే ఉన్నది కూడా పోతుంది.

బూట్ మెనూలో విండోస్ పేరే లేదు, డిస్క్ మాత్రం బయోస్‌లో కనిపిస్తోంది, విండోస్ వేసింది యూఈఎఫ్ఐలోనే. అంటే బూట్ ఫైల్స్ ఉండే చిన్న పార్టిషన్‌తో గొడవ. విండోస్ సొంతంగా చేసుకుంటే 100 ఎంబీ, లాప్‌టాప్ కంపెనీలు వేసేది తరచుగా 260 ఎంబీ, ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉంటుంది, మామూలుగా మనకి కనపడదు. ఎక్కువగా జరిగేది ఏంటంటే పాత హార్డ్‌డిస్క్ అలాగే ఉంచి కొత్త ఎస్ఎస్డీ మీద విండోస్ వేస్తారు, సెటప్ ఏమో పాత డిస్క్‌లో ఆల్రెడీ ఉన్న బూట్ పార్టిషన్‌నే వాడేసుకుంటుంది. నాలుగు రోజులయ్యాక పాతది పీకేస్తారు. ఇంకెక్కడి బూట్! అందుకే ఓఎస్ వేసేటప్పుడు ఆ ఒక్క డిస్క్ తప్ప మిగతావన్నీ పీకెయ్యాలి. బయోస్‌లో డిజేబుల్ చేస్తే చాలదా అని అడుగుతారు, నేనైతే పీకమనే అంటాను.

ఇప్పుడు పెన్‌డ్రైవ్‌ని యూఈఎఫ్ఐ అని ఉన్న పేరుతోనే బూట్ చేయండి. భాష అడిగే మొదటి స్క్రీన్ రాగానే షిఫ్ట్ పట్టుకుని ఎఫ్10 (కొన్ని లాప్‌టాపుల్లో ఎఫ్ఎన్ కూడా పట్టుకోవాలి). నల్ల విండో తెరుచుకుంటుంది. ఫోన్లో చెప్పినట్టే చెప్తా, మీరు ఇంగ్లీషులో కొట్టుకోండి.

డిస్క్‌పార్ట్, ఎంటర్. లిస్ట్ డిస్క్, ఎంటర్. సైజు చూసి మీ ఎస్ఎస్డీ ఏ నంబరో గుర్తుపట్టండి, చివర జీపీటీ కాలమ్‌లో నక్షత్రం గుర్తు (*) ఉండాలి. తర్వాత లిస్ట్ వాల్యూమ్, ఎంటర్. ఇక్కడ ఆగండి. ఈ లిస్ట్ ఫొటో తీసుకోండి. ఇందులో ఉన్న డ్రైవ్ అక్షరాలు మీరు రోజూ చూసేవి కావు, మీ సీ డ్రైవ్ ఇక్కడ డీ అనో ఈ అనో ఉండొచ్చు. అక్షరం చూసి నమ్మకండి, సైజు చూడండి. ఇంకోటి, ఫ్యాట్32 అని రెండు కనిపించొచ్చు, ఒకటి మీ పెన్‌డ్రైవే. టైప్ కాలమ్‌లో రిమూవబుల్ అని ఉంటే అది పెన్‌డ్రైవ్, దాని జోలికి వెళ్ళొద్దు. వాటిలో మనకి కావాల్సింది టైప్‌లో పార్టిషన్ అని ఉండి, వందల ఎంబీల్లో ఉన్నది. డిస్క్‌లు రెండు ఉంటే ముందే పాతది పీకండి, ఏది ఎవరిదో అని బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

క్లీన్ అన్న మాట ఈ విండోలో పొరపాటున కూడా కొట్టకండి. అది ఖాయమా అని కూడా అడగదు, సెలెక్ట్ చేసిన డిస్క్ మీద పార్టిషన్లన్నీ ఒక్క క్షణంలో లేపేస్తుంది. చెల్లెలి పెళ్ళి ఫొటోలు, ఎక్స్‌పీరియన్స్ లెటర్లు, అన్నీ.

ఆ చిన్న వాల్యూమ్ నంబర్ 3 అనుకుందాం. సెలెక్ట్ వాల్యూమ్ 3, ఎంటర్. అసైన్ లెటర్ ఈక్వల్స్ ఎస్ (ఈక్వల్స్ అన్నచోటల్లా = గుర్తు కొట్టాలి), ఎంటర్. ఎగ్జిట్. ఇప్పుడు విండోస్ ఏ అక్షరంలో ఉందో తేల్చాలి: డీఐఆర్, స్పేస్, సీ కోలన్ కొట్టి చూడండి, విండోస్, యూజర్స్ ఫోల్డర్లు కనపడాలి. లేకపోతే డీ, ఈ చూడండి. ఎక్స్‌లో కూడా విండోస్ కనిపిస్తుంది, అది పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌లోకి ఎక్కింది, మీది కాదు.

దొరికింది సీ అయితే, బూట్ ఫైల్స్ మళ్ళీ రాసే కమాండ్ ఇది: బీసీడీబూట్, స్పేస్, సీ కోలన్ బ్యాక్‌స్లాష్ విండోస్, స్పేస్, స్లాష్ ఎస్, స్పేస్, ఎస్ కోలన్, స్పేస్, స్లాష్ ఎఫ్, స్పేస్, యూఈఎఫ్ఐ. ఎంటర్. "బూట్ ఫైల్స్ సక్సెస్‌ఫుల్లీ క్రియేటెడ్" అని రావాలి. ఫెయిల్యూర్ అని వస్తే తొంభై శాతం స్లాష్ అటుదిటు కొట్టి ఉంటారు, ఇంకోసారి చూసి కొట్టండి. నిజంగానే ఆ చిన్న పార్టిషన్ పాడైందనిపించినా వెంటనే ఫార్మాట్ చెయ్యొద్దు, పక్కన ఉబుంటు ఉంటే దాని గ్రబ్ కూడా అందులోనే ఉంటుంది.

మరి ఎస్ఎస్డీలో ఆ చిన్న పార్టిషనే లేదు, పాత డిస్క్‌తో పాటే పోయింది అంటే కొత్తది చెయ్యాలి. డిస్క్‌పార్ట్‌లో ఎస్ఎస్డీ డిస్క్‌ని సెలెక్ట్ చేసి, విండోస్ ఉన్న వాల్యూమ్ సెలెక్ట్ చేసి, ష్రింక్ డిజైర్డ్ ఈక్వల్స్ 300. తర్వాత క్రియేట్ పార్టిషన్ ఈఎఫ్ఐ సైజ్ ఈక్వల్స్ 260. తర్వాత ఫార్మాట్ క్విక్ ఎఫ్ఎస్ ఈక్వల్స్ ఫ్యాట్32. క్రియేట్ కమాండ్ సక్సెస్ అని చెప్పకపోతే ఈ ఫార్మాట్ కొట్టకండి, ఎందుకంటే సెలెక్షన్ ఇంకా విండోస్ మీదే ఉంటుంది, అది కాస్తా చెరిగిపోతుంది. సక్సెస్ వస్తేనే ముందుకి, ఆ తర్వాత ఎస్ లెటర్ ఇచ్చి పైన చెప్పిన బీసీడీబూట్ లైనే.

విండోస్ బూట్ రిపేరుకని వీడియోల్లో అందరూ చెప్పే బూట్‌రెక్ కమాండ్ల సంగతి కూడా చెప్పాలి. ఫిక్స్ఎంబీఆర్ అనేది ఎంబీఆర్ డిస్కులకి, జీపీటీ మీద యూఈఎఫ్ఐలో లేచే సిస్టమ్‌కి దాంతో ఒరిగేదేమీ లేదు. ఫిక్స్‌బూట్ కొడితే చాలాసార్లు "యాక్సెస్ ఈజ్ డినైడ్" అంటుంది, దాన్ని పోగొట్టడానికి ఇంకో వీడియో, దాంట్లో ఇంకో ఫార్మాట్. బీసీడీబూట్ ఒక్క లైనుతో అయ్యేదానికి ఇంత రామాయణం ఎందుకో నాకైతే అర్థం కాదు.

స్టెప్ 6. విండో మూసి, పెన్‌డ్రైవ్ పీకి, రీస్టార్ట్. బూట్ మెనూలో విండోస్ బూట్ మేనేజర్ వచ్చి ఉంటుంది. ఉబుంటుకైతే ఇదే పని చేసే బూట్ రిపేర్ అనే టూల్ ఉంది, లైవ్ పెన్‌డ్రైవ్ (ఇన్‌స్టాల్ చెయ్యకుండానే ఉబుంటు నడిపేది) నుంచి లేచి నెట్‌కి కనెక్ట్ అయ్యి వేసుకోండి, రికమెండెడ్ రిపేర్ నొక్కితే చాలు, అడ్వాన్స్‌డ్ జోలికి వెళ్ళకండి. ఇవన్నీ చేసినా ఎక్కకపోతే షాపుకి తీసుకెళ్ళండి. సిస్టమ్ అక్కడ వదిలేసి రాకుండా ఎదురుగా కూర్చుని చేయించుకోండి. వాళ్ళు మొదట అడిగేది "ఫార్మాట్ చేసేద్దామా" అనే, డేటా కావాలని ముందే గట్టిగా చెప్పండి.