లాగర్‌లో మెమరీ కార్డు చచ్చేలోపే మార్చేయండి

కరెంటు వాడకమో, గది ఉష్ణోగ్రతో రాసుకోవడానికి ఇంట్లో రాస్‌ప్బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌ని లాగర్‌గా (రీడింగులు రాసుకునే యంత్రంగా) పెట్టుకున్నవాళ్లు తరచూ అడిగేది ఒకటే, రోజుకి నాలుగు ఎంబీ కూడా రాయని దానికి 32 జీబీ కార్డు ఎలా పోయిందని. ఎంత రాశాం అన్నదానికంటే ఎన్నిసార్లు రాశాం అన్నదే ఇక్కడ ముఖ్యం. ఈ కార్డుల్లో ఉండే ఫ్లాష్ మెమరీలో ఉన్నచోటే ఒక అంకె దిద్దడం కుదరదు, కొత్తచోట రాసి, పాత బ్లాకుని ఎప్పుడో మొత్తంగా చెరపాలి, ఒక బ్లాకుని ఎన్నిసార్లు చెరపొచ్చు అన్నదానికి ఒక పరిమితి ఉంటుంది. మీరు ఇరవై బైట్లు పంపినా లోపల కదిలేది కిలోబైట్లలో ఉంటుంది, పైగా ఫైల్ సిస్టమ్ తన మార్పుల్ని రాసుకునే జర్నల్, సిస్టమ్ తన పనుల్ని రాసుకునే లాగులు అదనం.

అందుకే ముందు రాతలు తగ్గించండి. లాగుల ఫోల్డర్‌ని ర్యామ్‌లోకి మార్చండి, లాగ్2ర్యామ్ అనే ప్రోగ్రామ్ ఆ పని చక్కగా చేస్తుంది. ఇంట్లో సెన్సర్లని నడిపే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే, అందులో రీడింగులు దాచే రికార్డర్ మామూలుగా 5 సెకన్లకోసారి డేటాబేస్‌లో రాస్తుంది, దాన్ని 60 చేయండి, అక్కర్లేని సెన్సర్లని తీసేయండి. కరెంటు పోతే ఒక నిమిషం రీడింగులు పోతాయి, పోనివ్వండి, గది ఉష్ణోగ్రతే కదా.

కార్డు పోయే ముందు కెర్నల్ (సిస్టమ్ మూల భాగం) లాగులో ఐ/ఓ ఎర్రర్లు, అంటే చదవడంలో, రాయడంలో వచ్చే తప్పులు, కనిపించవచ్చు, లేదా సిస్టమ్ ఉన్నట్టుండి రీడ్-ఓన్లీలోకి (చదవడమే తప్ప రాయలేని స్థితిలోకి) వెళ్లిపోతుంది. ఇంకో రకం మాత్రం నిజంగా తికమక పెడుతుంది: అన్నీ బాగానే రాసినట్టు ఉంటుంది, రీబూట్ చేయగానే నిన్నటి ఫైళ్లన్నీ మాయమై పాత స్థితి తిరిగొస్తుంది. అనుమానముంటే ఒక చిన్న ఫైలు సేవ్ చేసి, రీబూట్ చేసి, ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ కార్డు పని అయిపోయినట్టే.

మార్చేటప్పుడు ప్లగ్గు పీకేయకుండా పద్ధతిగా షట్‌డౌన్ చేసి, కార్డుని కంప్యూటర్‌లో పెట్టి మొత్తం ఇమేజ్ (కార్డులో ఉన్నదంతా ఒకే ఫైలుగా నకలు) తీయండి. చదవడంలో ఎర్రర్లు వస్తుంటే నకలు తీసే మామూలు డీడీ కమాండ్‌తో కుస్తీ పట్టకుండా, పాడైన చోట్లని దాటుకుంటూ చదివే డీడీరెస్క్యూ వాడండి. కొత్తది డ్యాష్‌క్యామ్‌ల (కార్లో పెట్టే కెమెరాల) కోసం అమ్మే, ఎక్కువ రాతలు తట్టుకునే హై ఎండ్యూరెన్స్ రకం తీసుకోండి, 32కి బదులు 64 జీబీ అయితే ఇంకా నయం. ఎందుకంటే 32 అని రాసున్న రెండు కార్డులు కూడా కొన్ని ఎంబీలు అటూఇటూగా ఉంటాయి, ఇమేజ్ చివర్లో పట్టక ఆగిపోతే విసుగు. పైగా చోటు ఎక్కువుంటే అరుగుదల కూడా పంచుకుంటుంది. నకిలీలు ఎక్కువ కాబట్టి ఇమేజ్ ఎక్కించకముందే ఎఫ్3 అనే ప్రోగ్రామ్‌తో అసలు కెపాసిటీ పరీక్షించండి. ఎక్కించాక కొత్త కార్డులో మిగిలిన చోటు కూడా వాడుకునేలా పార్టిషన్‌ని పెద్దది చేసి, కొత్త రీడింగులు పడుతున్నాయో లేదో ఒకసారి రీబూట్ చేసి మరీ చూసుకోండి, అంతవరకూ పాత కార్డుని పారేయొద్దు.