టీవీ కొత్తదే, బొమ్మ మాత్రం మసక: సరిహద్దు ఇళ్లలో టీవీ సమస్యలు, పరిష్కారాలు

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, జయపురం వైపు మన తెలుగువాళ్ల ఇళ్లలో పెద్ద టీవీ కొన్నాక ఎక్కువగా వినిపించే మాట: "ఇంత డబ్బు పోశాం, బొమ్మ ఇలా ఉందేంటి?" టీవీని తప్పుపట్టకండి. చానల్, బాక్సు, వైరు, తెర నాలుగూ హెచ్‌డీ (స్పష్టత ఎక్కువున్న రకం) అయితేనే హెచ్‌డీ బొమ్మ వస్తుంది. వీటిలో ఏది కాదో కనిపెడితే సగం పని అయిపోయినట్టే.

బొమ్మ మసకగా ఉంటే

ముందు టీవీ వెనక్కి వెళ్లి వైరు చూడండి. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైరు ఉంటే కారణం అదే. ఆ పసుపు పిన్ను మోసుకొచ్చేది పాత అనలాగ్ బొమ్మ. బాక్సు ఎంత మంచిదైనా అందులోంచి హెచ్‌డీ రాదు. దాన్ని తీసేసి హెచ్‌డీఎంఐ వైరు పెట్టి, టీవీ రిమోట్‌లో సోర్స్ నొక్కి హెచ్‌డీఎంఐ ఎంచుకోండి. బాక్సుకి ఆ రంధ్రమే లేకపోతే అది హెచ్‌డీ బాక్సు కాదు, మార్చాల్సిందే.

వైరు సరిగ్గానే ఉంటే బాక్సు సెట్టింగుల్లో వీడియో అవుట్‌పుట్ చూడండి. 576 అని ఉంటే 1080కి మార్చండి.

అప్పటికీ మసకే అయితే చానలే మామూలు ఎస్‌డీ (స్పష్టత తక్కువున్న పాత రకం) అన్నమాట. ఎస్‌డీ బొమ్మ 720 × 576, అంటే దాదాపు 4.15 లక్షల చుక్కలు. ఫుల్ హెచ్‌డీ 1920 × 1080, అంటే 20.7 లక్షలు, సరిగ్గా అయిదు రెట్లు. 4కే తెర మీద 83 లక్షల చుక్కలుంటాయి. ఎస్‌డీ చానల్‌లోని ఒక్కో చుక్కా అక్కడ ఇరవై చుక్కల చోటు నింపాలి, మసకబారక ఏం చేస్తుంది? అందుకే ఎస్‌డీ కేబుల్ తప్ప మరోటి లేని ఇంటికి 55 అంగుళాల 4కే టీవీ కొనొద్దని గట్టిగా చెబుతాను. 32 అంగుళాలది కొని, మిగిలిన డబ్బు హెచ్‌డీ బాక్సుకీ ప్యాకుకీ పెట్టండి. ఒకే చానల్‌కి ఎస్‌డీ, హెచ్‌డీ వేర్వేరు నంబర్లు, వేర్వేరు ధరలు ఉంటాయని మరిచిపోకండి.

మొహాలు అడ్డంగా సాగి కనిపిస్తే

పాత 4:3 బొమ్మని టీవీ 16:9 తెరకి సాగదీస్తోంది. పిక్చర్ సైజ్‌లో ఆటో గానీ 4:3 గానీ పెట్టండి. పక్కన నల్లపట్టీలు వస్తాయి, అది లోపం కాదు.

అన్నీ వస్తున్నాయి, తెలుగు చానళ్లే రావట్లేదు

ఇది మన ప్రాంతపు సమస్య. డిష్ తిప్పించడానికి మనిషిని పిలవకండి, ఇది సిగ్నల్ గొడవ కాదు. ఒడిశా చిరునామా మీద కనెక్షన్ తీసుకుంటే సాధారణంగా ఒడియా, హిందీ చానళ్ల ప్యాకే వేస్తారు. తెర మీద 'సబ్‌స్క్రైబ్ చేయలేదు' అని వస్తే అదే కారణం. 2019 ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్ (టెలికాం, ప్రసారాల నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం డబ్బు కట్టే పే చానళ్లను విడివిడిగానూ ఎంచుకోవచ్చు. కాబట్టి చూసే తెలుగు చానళ్లు అడిగి వేయించుకోండి, చూడనివి తీయించేయండి. కేబుల్ కనెక్షన్ అయితే ఆపరేటర్ తెచ్చుకున్న చానళ్లే వస్తాయి, ముందే కనుక్కోండి.

దూరదర్శన్ ఫ్రీ డిష్ ఉన్నవాళ్లకి డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి నెలవారీ డబ్బు కట్టకుండానే దొరుకుతాయి. కొన్ని చానళ్లు రాకపోతే బాక్సు పాత ఎంపెగ్-2ది (బొమ్మని కుదించి పంపే పాత పద్ధతి) కావచ్చు, కొత్త పద్ధతి ఎంపెగ్-4లో వచ్చే చానళ్లు అందులో ఆడవు.

ఇంకొకటి: పిల్లల చానళ్లు, డిస్కవరీ లాంటివి చాలావాటికి తెలుగు ధ్వని కూడా ఉంటుంది. బాక్సు రిమోట్‌లో ఆడియో లేదా లాంగ్వేజ్ బటన్ నొక్కి చూడండి. ఇంట్లో ముసలివాళ్లుంటే ఈ ఒక్క బటన్ వాళ్లకెంత ఊరటో!

బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి ఆగిపోతుంటే

వెనకటి రోజుల్లో సిగ్నల్ తగ్గితే బొమ్మ మీద చుక్కలు పడేవి, అయినా కనిపించేది. డిజిటల్ అలా కాదు. సిగ్నల్ ఒక హద్దు దాకా తగ్గినా బొమ్మ నిక్షేపంగా ఉంటుంది, హద్దు దాటితే ఒక్కసారిగా విరిగిపోతుంది. డీటీహెచ్ (ఉపగ్రహం నుంచి నేరుగా ఇంటి డిష్‌కి వచ్చే ప్రసారం) వాడే కేయూ బ్యాండ్ తరంగాలని జోరువాన మింగేస్తుంది. వాన తగ్గేదాకా ఆగండి, ఏ సెట్టింగూ కదపకండి.

ఎండగా ఉన్నా ఇలాగే ఉంటే బాక్సు మెనూలో సిగ్నల్ పేజీ తెరవండి. స్ట్రెంత్, క్వాలిటీ అని రెండు గీతలుంటాయి. స్ట్రెంత్ నిండుగా ఉండి క్వాలిటీ సున్నా అయితే సాధారణంగా డిష్ పక్కకి తిరిగినట్టే. 2018 అక్టోబరులో తిత్లీ లాంటి తుపాను చూసిన ఊళ్లకి గాలి ఏం చేస్తుందో చెప్పక్కర్లేదు. ఫ్రీ డిష్ ఉపగ్రహం జీశాట్-15 తూర్పు 93.5 డిగ్రీల దగ్గర ఉంది. పర్లాకిమిడి నుంచి అది దక్షిణానికి కాస్త తూర్పుగా, ఆకాశంలో బాగా ఎత్తున ఉంటుంది. ఆ దిక్కున కొబ్బరాకో పనసకొమ్మో పెరిగి అడ్డొచ్చిందేమో చూడండి. క్వాలిటీ ఊగిసలాడుతుంటే డిష్ ముందు కమ్మీకి బిగించిన ఎల్‌ఎన్‌బి (సిగ్నల్ అందుకునే పరికరం) దగ్గర వైరు కొన విప్పించి చూడండి. రాగితీగ ఆకుపచ్చగా మారితే నీళ్లు దిగాయన్నమాట. కొన కోయించి, కొత్త కనెక్టర్ వేయించి, టేపు చుట్టించండి. తడి డాబా మీదకి మీరు మాత్రం ఎక్కకండి.

మార్చిలో, సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో కొన్ని రోజులు పగలు ఒకే వేళకి కొద్ది నిమిషాలు బొమ్మ పోతుంది. సూర్యుడు ఉపగ్రహం వెనక్కి రావడమే కారణం. దానంతటదే వచ్చేస్తుంది.

మెకానిక్‌ని పిలవాల్సివస్తే క్వాలిటీ గీత ఎంతుందో, ఏయే చానళ్లు రావట్లేదో, వానలోనా ఎండలోనా అన్నది ఫోన్లోనే చెప్పండి. ఏ సామాను తేవాలో ఆయనకి తెలుస్తుంది, రెండోసారి రావాల్సిన పని ఉండదు.