స్కూల్ ఎగ్జిబిషన్‌కి బంకర్ హిల్ యుద్ధం నమూనా

అమెరికా విప్లవంలో 1775 జూన్ 17న బోస్టన్ పక్కనే జరిగిన పోరు ఇది. పేరు బంకర్ హిల్‌దే గానీ, బ్రిటిష్ వాళ్ళ మీద తిరగబడ్డ అమెరికన్ల నాయకుడు విలియం ప్రెస్కాట్ మనుషులు రాత్రికి రాత్రి మట్టికోట లేపింది బోస్టన్‌కి దగ్గరగా ఉన్న బ్రీడ్స్ హిల్ మీద. కోటని పెద్ద కొండెక్కిస్తే నమూనా మొదట్లోనే తప్పినట్టు.

1:2000 స్కేలు తీసుకుంటే చార్లెస్‌టౌన్ ద్వీపకల్పం పొడవు సుమారు 80 సెం.మీ. వస్తుంది, మీటరు పొడవు, అర మీటరు వెడల్పు థర్మోకోల్ షీటు సరిపోతుంది. బ్రీడ్స్ హిల్ ఎత్తు 19 మీటర్లు, బంకర్ హిల్ 33. స్కేలు ప్రకారమైతే అవి కనపడవు, అందుకే ఎత్తు మాత్రం మూడింతలు చేయాలి: 1 సెం.మీ. షీట్లు ఒకదానికి మూడు, రెండోదానికి ఐదు. ఇంద్రకీలాద్రిని చూస్తూ పెరిగిన పిల్లలు కొండనగానే నిలువుగా చెక్కేస్తారు. ఇక్కడ వాలు మెల్లగా దిగాలి.

షీట్లు ఫెవికాల్‌తోనే అతికించండి. రబ్బరు సొల్యూషన్, స్ప్రే పెయింటు థర్మోకోల్‌ని కరిగించేస్తాయి. పైన ఫెవికాల్, నీళ్ళు సమంగా కలిపి టిష్యూ పేపర్ రెండు పొరలు వేసి, రాత్రంతా నీడలో ఆరనివ్వండి. మన ఎండలో పెడితే ముడతలు లేస్తాయి. తర్వాత పోస్టర్ కలర్ వేయొచ్చు.

కోట 40 మీటర్ల చదరం, అంటే 2 సెం.మీ. సైనికుల గుర్తుగా గుచ్చే సూదులు అందులో పట్టవు గనక 5 సెం.మీ. చేయండి. దాని ఎడమ పక్క నుంచి మట్టిగోడ వేయండి. ఎక్కువమంది తప్పేది ఆ తర్వాతే: మిస్టిక్ నది దాకా పోయే కర్రల కంచెని అదే వరుసలో పెట్టేస్తారు. అది దాదాపు 180 మీటర్లు వెనక, మన స్కేల్లో 9 సెం.మీ. కంచె చివర, నది ఒడ్డున చిన్న రాతిగోడ తప్పనిసరి. బ్రిటిష్ జనరల్ హోవ్ పంపిన తేలికపాటి దళం ఆగిపోయింది అక్కడే.

50 మందికి ఒక గుండుసూది. బ్రిటిష్ వాళ్ళకి ఎరుపు తల, మిలీషియాకి, అంటే అమెరికన్ల పౌరసేనకి, గోధుమరంగు. నీలం వద్దు, వాళ్ళకి యూనిఫాం లేదు, ఇంటి బట్టలతోనే వచ్చారు. మూడు దాడులకి మూడు ఎర్ర దారాలు: రెండు వెనక్కి మళ్ళాలి, మూడోది కోటలోకి. అప్పటికి లోపల మందుగుండు అయిపోయింది, బాయ్‌నెట్లు (తుపాకీ కొనకి బిగించే కత్తులు) చాలామందికి లేవు. బ్రిటిష్ వైపు చనిపోయినవాళ్ళు 226, గాయపడినవాళ్ళు 828. అంటే 21 ఎర్ర సూదులు పడుకోబెట్టాలి.

సూదులు ఇంటి దగ్గర గుచ్చకండి. ఆటో కుదుపులకి సగం ఊడతాయి, స్టాల్‌లో టేబుల్ మీద పెట్టాకే గుచ్చండి.