పగలు తోటలో హెడ్జ్‌హాగ్ కనిపించిందా? లక్షణం, కారణం, పరిష్కారం

బ్రిటన్‌లో ఇంటి వెనక కాస్త పచ్చిక ఉన్న తెలుగువాళ్లకు ఎప్పుడో ఒక రాత్రి ఈ జీవి ఎదురవుతుంది. పిల్లలకు "ముళ్లపంది" అని చెప్పేస్తాం గానీ మన ఏదుపందికీ దీనికీ చుట్టరికం లేదు. ఏదుపంది ఎలుకల తెగది. హెడ్జ్‌హాగ్ పెంకు పురుగులూ గొంగళి పురుగులూ వానపాములూ తిని బతికేది. జానెడు కంటే కాస్త పొడవుంటుంది. దీని ముల్లు గుచ్చుకుంటుందే తప్ప ఊడొచ్చి మన ఒంట్లో దిగబడదు. 2020లో బ్రిటన్ క్షీరదాల రెడ్ లిస్టులో దీన్ని 'వల్నరబుల్' (అంతరించే ముప్పున్నవి) జాబితాలో చేర్చారు, అంటే ఒకటి బతికినా లెక్కే.

మీ దగ్గర్లో రెస్క్యూ (జబ్బుపడ్డ అడవి జీవుల్ని చేరదీసే కేంద్రం) ఎక్కడుందో బ్రిటిష్ హెడ్జ్‌హాగ్ ప్రిజర్వేషన్ సొసైటీకి ఫోన్ చేస్తే చెబుతారు. అక్కడికో, వెట్ (పశువైద్యుడు) దగ్గరికో చేర్చేలోపు మీరు చేయాల్సింది ఏమిటి, అక్కడ వాళ్లు చేసేది ఏమిటి అన్నదే ఇక్కడి విషయం.

అన్నిటికంటే ముందు ఒక వరస గుర్తుపెట్టుకోవాలి. మొదట వేడి, తర్వాత నీళ్లు, ఆఖర్న తిండి. దీని ఒంటి వేడి మామూలుగా 35 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. చల్లబడిన ఒంట్లో పేగు కదలదు, తిన్నది అరగదు. "పాపం ఆకలిగా ఉంది" అని ముందు గిన్నె పెట్టడమే చాలామంది చేసే పొరపాటు.

పగలు బయట తిరుగుతోంది, లేదా ఎండలో కాళ్లు చాపి పడుకుంది

ఇది రాత్రి తిరిగే జీవి. పగలు పచ్చికలో పడుకుంటే ఎండ కాచుకుంటోందని మురిసిపోకండి. ఒంట్లో వేడి పడిపోయి, ఎక్కడ వెచ్చగా ఉంటే అక్కడ కూలబడిందని అర్థం. తూలుతూ నడిచినా, చుట్టూ ఈగలు ముసిరినా గంటలు లెక్కపెట్టుకోవాల్సిందే.

మినహాయింపు ఒకటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తల్లి హెడ్జ్‌హాగ్ పగలే బయటికొచ్చి నోటి నిండా ఎండుటాకులు కరచుకుని ఒకే దారిన గబగబా వెళుతుంటుంది. గూడు సర్దుకుంటోందన్నమాట. దాన్ని పట్టుకెళితే వెనక నాలుగైదు పిల్లలు ఆకలితో చస్తాయి. చురుగ్గా, ఎక్కడికో పనున్నట్టు నడుస్తుంటే దూరం నుంచి చూసి ఊరుకోండి.

ముట్టుకుంటే చల్లగా ఉంది, బంతిలా ముడుచుకోవట్లేదు

ఆరోగ్యంగా ఉన్నది చెయ్యి తగలగానే గట్టిగా ముడుచుకుంటుంది. సగం ముడుచుకుని వదిలేసినా, పక్కకు ఒరిగి ఉన్నా ఒంటి వేడి బాగా పడిపోయిందని లెక్క. పొట్ట కింద వేలు పెట్టి చూడండి. అక్కడ మన చేతి కంటే చల్లగా ఉంటే ఆలస్యం చేయొద్దు.

1. తోట గ్లవ్స్ వేసుకుని, లేదా మందపాటి తువ్వాలుతో, రెండు చేతులా దోసిట్లోకి తీసుకోండి.
2. లోతైన కార్డ్‌బోర్డ్ పెట్టెలో పెట్టండి. ఇవి గోడలు బాగా ఎక్కుతాయి. అంచు జానెడుంటే తెల్లారేసరికి సోఫా కింద వెతుక్కోవాలి.
3. హాట్ వాటర్ బాటిల్‌లో కుళాయి వేడినీళ్లు చాలు, మరుగుతున్నవి వద్దు. తువ్వాలులో చుట్టి పెట్టెలో ఒక సగానికే పెట్టండి. వేడెక్కువైతే రెండో సగానికి జరగడానికి చోటుండాలి.
4. పైన ఇంకో గుడ్డ కప్పండి. దారాలు ఊడే పాత తువ్వాలు పనికిరాదు. పోగులు కాళ్లకు చుట్టుకుని రక్తం ఆగిపోతుంది.
5. బాటిల్ చల్లారకముందే నీళ్లు మార్చండి. చల్లారిన బాటిల్ ఉన్న వేడిని కూడా లాగేస్తుంది. "రాత్రి బాటిల్ పెట్టాం, పొద్దున చూస్తే పోయింది" అనే కేసుల్లో చాలాసార్లు జరిగేది ఇదే.

పొట్ట వెచ్చబడ్డాక పల్చటి మూకుడులో నీళ్లు పెట్టండి. సిరంజితో నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి వెళతాయి. ఒంట్లో నీళ్లు తగ్గాయో లేదో చూడాలంటే నడుము పక్క చర్మాన్ని చిటికెతో పైకి లాగి వదలండి. వెంటనే సర్దుకుంటే సరే, మడతలా నిలబడిపోతే నీళ్లు బాగా తగ్గాయి. అప్పుడు రెస్క్యూలో శిక్షణ ఉన్నవాళ్లు చర్మం కింద హార్ట్‌మన్స్ ద్రవం (సెలైన్ లాంటిది) ఎక్కిస్తారు. లెక్క సుమారుగా రోజుకు 100 గ్రాముల బరువుకు 10 మిల్లీలీటర్ల లోపు, రెండు మూడు విడతల్లో. ఆ ద్రవాన్ని కూడా ఒంటి వేడికి తెచ్చే ఎక్కిస్తారు.

తిండికొస్తే మాంసం ఉన్న కుక్క లేదా పిల్లి ఆహారం పెట్టండి. పాలు, బ్రెడ్ వద్దు, మన పెరుగన్నమూ వద్దు. పాలలోని లాక్టోజ్ దీనికి అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి. మీల్‌వర్మ్స్ (పక్షుల మేతగా అమ్మే పురుగులు) ఇష్టంగా తింటుంది గానీ వాటిలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ. అవే మరిగితే ఎముకలు గుల్లబారతాయి.

చలికాలంలో ఇంకో చిక్కు. ఆకుల కుప్పలోనో షెడ్ కిందో గట్టిగా ముడుచుకుని చల్లగా ఉన్నది జబ్బుది కాదు, శీతనిద్రలో ఉంది. ముళ్లు తాకితే కాస్త బిగుసుకుంటుంది. లేపకుండా ఆకులు కప్పేయండి, లేవడానికి కొవ్వు చాలా ఖర్చవుతుంది. గూడు లేకుండా ఆరుబయట పడి ఉన్నదైతే అది నిద్ర కాదు.

ముళ్ల మధ్య తెల్లగా నూకల్లాంటివి

ఈగ గుడ్లు. బియ్యపు నూకల్లా, గుత్తులుగా ఉంటాయి. వెచ్చటి రోజున పన్నెండు గంటలు తిరగకముందే పొదిగి పురుగులవుతాయి. ఆ పురుగులు బతికున్న మాంసాన్నే తింటాయి. పైన చెప్పిన వరస మారేది ఈ ఒక్క చోటే. గుడ్ల మీద వేడి పెడితే అవి ఇంకా త్వరగా పొదుగుతాయి. అందుకని ముందు గుడ్లు తీయాలి, లేదా తీసేవాళ్ల దగ్గరికి నేరుగా బయల్దేరాలి.

తడపకండి. తడిస్తే ఒళ్లు చల్లబడుతుంది, గుడ్లు వెంట్రుకలకు ఇంకా అంటుకుంటాయి. పొడి టూత్‌బ్రష్, పేల దువ్వెన, సన్నటి పట్టకారు చాలు. ముళ్ల మీదివి కంటికి కనబడతాయి. ప్రాణం తీసేవి దాక్కున్నవి. చెవుల లోపల, కనురెప్పల కింద, నోటి మూలల్లో, చంకల్లో, మలద్వారం దగ్గర వెతకాలి. ఒక్క చెవిలో మిగిలిపోయినా మర్నాటికి తల పక్కకు వాలిపోతుంది. గాయంలోకి దిగిన పురుగుల్ని మత్తిచ్చి వెట్ తీయాల్సిందే.

దగ్గు, ఊపిరి తీస్తుంటే గురగుర

ఊపిరితిత్తుల్లో నులిపురుగులు, ముఖ్యంగా తల్లిని వదిలేసి సొంతంగా తిరుగుతున్న పిల్లల్లో. నత్తలూ స్లగ్స్ (గుల్ల లేని నత్తలు) తింటే ఒక రకం (క్రెనోసోమా), వానపాముల వల్ల ఇంకో రకం (కాపిలేరియా) వస్తాయి. తాజా మలాన్ని నీటిచుక్కలో కలిపి మైక్రోస్కోప్‌లో 100 రెట్లకు చూస్తే క్రెనోసోమా పిల్లలు చుట్టలు చుట్టుకుంటూ కదులుతుంటాయి. కాపిలేరియా గుడ్డు అచ్చం మృదంగమే, రెండు చివర్లా మూతలతో. ఒకసారి చూసినవాళ్లు ఇక మరచిపోరు.

వెట్ సాధారణంగా లెవామిసోల్ ఇస్తారు, తోడుగా యాంటీబయాటిక్, కఫం కరిగే మందు. పురుగులు చచ్చాక ఊపిరితిత్తుల్లో వాపు వస్తుంది కాబట్టి మందు పడిన ఒకటి రెండు రోజులు దగ్గు ఎక్కువవ్వొచ్చు. అది చూసి మందు పనిచేయలేదని మానేయకూడదు. నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే మాత్రం అదే రోజు చూపించాలి.

బూరలా ఉబ్బిపోయింది

చర్మం కింద గాలి చేరింది. ఊపిరితిత్తికో శ్వాసనాళానికో దెబ్బ తగిలి గాలి బయటికి కారడం, లేదా గాయంలో గాలి పుట్టించే సూక్ష్మజీవులు చేరడం కారణం. కాళ్లు నేలకందక బంతిలా దొర్లుతుంటుంది. వెట్ సూదితో గాలి తీసి, యాంటీబయాటిక్ మొదలుపెడతారు. మళ్లీ నిండితే మళ్లీ తీస్తారు. ఇంట్లో సూది పట్టుకోవద్దు.

ముళ్ల చర్మం పైకి జారి పిరుదులు బయటపడ్డాయి

చూడ్డానికి తోలు ఊడిపోయినట్టు భయంకరంగా ఉంటుంది గానీ గాయం కాకపోవచ్చు. ముడుచుకోవడానికి ఒంటి చుట్టూ సంచి నోటి తాడులా ఒక కండరం ఉంటుంది. అది నడుము ఎముక మీదుగా వీపు మీదికి జారిపోయింది. మత్తులో కండరం వదులయ్యాక వెట్ దాన్ని కిందికి లాగి సర్దుతారు. కారు దెబ్బకు ఇలా అయి ఉంటే నడుము ఎముక విరిగి ఉండొచ్చు, అందుకే ఎక్స్‌రే తీస్తారు.

వలలో చిక్కుకుంది

ఫుట్‌బాల్ గోల్ వల, పళ్లచెట్ల మీద కప్పే వల. కోసేసి "పో నాన్నా" అని వదిలేయడం పెద్ద తప్పు. బిగుసుకున్న చోట రక్తం ఆగిన కండ వెంటనే నల్లబడదు, నాలుగైదు రోజులకు కుళ్లుతుంది. అప్పటికది ఏ పొదలోనో ఉంటుంది. వలను చుట్టూ కోసి, ఒంటి మీది ముక్కతో సహా పెట్టెలో పెట్టి తీసుకెళ్లండి. కనీసం వారం రోజులు కనిపెట్టి ఉండాలి. గోల్ వలను రాత్రిపూట పైకి చుట్టి కడితే ఈ పనే ఉండదు.

కోత, కుక్క కాటు, విరిగిన కాలు

గడ్డి కోసే స్ట్రిమ్మర్ దెబ్బలు ఎక్కువగా ముఖం మీద, వీపు మీద ఉంటాయి, ఎందుకంటే ఇది చప్పుడుకు పారిపోదు, ముడుచుకుంటుంది. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. మట్టి ఉంటే ఉప్పునీళ్లతో కడగండి. అర లీటరు కాచి చల్లార్చిన నీటికి తలకొట్టిన ఒక టీ స్పూను ఉప్పు. పసుపు అద్దకండి, కొబ్బరినూనె రాయకండి. వెట్‌కు గాయం లోతు కనబడకుండా పోతుంది. మన నొప్పి మాత్రలు ఏవీ వద్దు. కుక్క కాటు పైకి చిన్న చిల్లే కనిపించినా లోపల చీము పడుతుంది.

ముళ్లు రాలుతున్నాయి, ముఖం మీద పొట్టు

చెవుల, కళ్ల చుట్టూ తెల్లటి పిండిలా ఉంటే గజ్జి పురుగు. పొట్టు మందంగా, ఎండిన బంకలా అట్టలు కట్టి ముళ్లు మొదళ్లతో ఊడుతుంటే తామర కావచ్చు. రెండూ కలిసి రావడమూ ఉంది. ఈ తామర మనుషులకు అంటుతుంది. గ్లవ్స్ వేసుకోండి, పిల్లల్ని ముట్టుకోనివ్వకండి, పెట్టె కాల్చేయండి. పల్చగా, ఆకుపచ్చగా విరేచనమైతే సాల్మొనెల్లాను కూడా అనుమానించాలి. దీని గిన్నెలు వంటింటి సింకులో కడగొద్దు.

గోమార్లు నాలుగైదుంటే కంగారు లేదు, గోమార్లు తీసే చిన్న కొక్కెంతో తిప్పి తీయొచ్చు. వాజెలిన్ రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. డజన్ల కొద్దీ ఉంటే మాత్రం లోపల వేరే జబ్బుంది. గెంతే ఫ్లీ పురుగులు హెడ్జ్‌హాగ్‌వే, మీ ఇంట్లోనో పిల్లి మీదో కాపురం పెట్టవు. నీరసంగా ఉన్న దాని మీద కుక్కల ఫ్లీ మందు చల్లితే పురుగులతో పాటు ఇదీ పోతుంది.

మెడ వెనక్కి తిప్పి, నోట్లో నురగ

రేబిస్ అని భయపడేది మనవాళ్లే ఎక్కువ. ఏదైనా కొత్త వాసన తగిలితే దాన్ని నమిలి, నురగ చేసి, ఒళ్లంతా వంచి ముళ్లకు పూసుకోవడం దీని అలవాటు. రోగం కాదు, వైద్యం అక్కర్లేదు. బ్రిటన్‌లో నేల మీది అడవి జంతువుల్లో రేబిస్ లేదు. ఒళ్లంతా వణుకుతూ, చిన్న చప్పుడుకే అదిరిపడుతుంటే మాత్రం విషం తిన్నదేమో చూడాలి. స్లగ్స్‌కు వేసే మెటాల్డిహైడ్ గుళికల వాడకాన్ని 2022లో నిషేధించారు గానీ పాత డబ్బాలు షెడ్‌లలో ఇంకా ఉంటాయి.

బాగానే తింటోంది, బరువు పెరగట్లేదు

రోజూ ఒకే వేళకు, వంటింటి త్రాసు మీద ఐస్‌క్రీమ్ డబ్బా పెట్టి తూచండి. కుదురుకున్న పిల్ల రోజుకు 10 గ్రాములైనా పెరగాలి. మూడు రోజులు కదలకపోతే మలం మళ్లీ పరీక్షించాలి. పేగు పురుగులు, ఫ్లూక్ (చదునైన పురుగు), కాక్సిడియా (పేగులో చేరే సూక్ష్మజీవి) ఇలాగే దాక్కుంటాయి. మలంలో నెత్తురు, ఊరికే అటూ ఇటూ తిరుగుతూ కుదురు లేకపోవడం ఫ్లూక్‌ను పట్టిస్తాయి.

కళ్లు తెరవని పిల్లలు

కళ్లు సుమారు రెండు వారాలకు తెరుచుకుంటాయి. గూడు పొరపాటున కదిలితే ఒట్టి చేత్తో ముట్టకుండా మళ్లీ కప్పి, తల్లి వస్తుందేమో దూరంగా కనిపెట్టండి. చల్లబడి చెల్లాచెదురుగా అరుస్తుంటే తల్లి లేనట్టే. అప్పుడు కూడా వేడే ముందు. ఆవుపాలు కాదు, కుక్కపిల్లల పాలపొడి. చిన్నవాటికి రాత్రీ పగలూ రెండు మూడు గంటలకోసారి పట్టాలి. పట్టాక తడి దూదితో కింద తుడిస్తేనే మూత్రం పోస్తాయి. ఇది మరిచిపోతే పొట్ట ఉబ్బి చనిపోతాయి. ఇంత పని కాబట్టే పిల్లల్ని అదే రోజు రెస్క్యూకు ఇచ్చేయమంటాం.

ఎప్పుడు వదలాలి

మందులు ఆగి, సొంతంగా తింటూ, గట్టిగా ముడుచుకోగలగాలి. చలికాలానికి 600 గ్రాములు దాటాలి. నిద్రలో మూడో వంతు దాకా బరువు కరిగిపోతుంది. వరసగా మూడు రాత్రులు 5 డిగ్రీల పైన ఉన్నప్పుడు, చీకటి పడే వేళ, దొరికిన చోటే వదలండి. అందుకే దొరికిన రోజునే వీధి పేరు, తారీకు, బరువు పెట్టె మీద రాసి ఉంచాలి. వేసవిలో ఆడదైతే పాలిస్తోందేమో చూసి, ఇస్తుంటే వీలైనంత త్వరగా తిప్పి పంపాలి. వదిలాక కూడా వారం రెండు వారాలు అక్కడే నీళ్లు, తిండి పెట్టండి. కంచె అడుగున 13 సెంటీమీటర్ల చదరం కంత ఒకటి తీస్తే పక్క తోటలోకి పోయి రాగలదు.